దిగేటప్పుడు ఒక్క కండీ

సిద్దిపేటలో పెండ్లిళ్ళకూ తద్దినాలకూ వంట చేసే అంజమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఆ చుట్టుపక్కల ఎవరు బదరీ యాత్ర తలపెట్టినా ముందు ఆమె గడపే తొక్కేవారు. పందొమ్మిది వందల ముప్పై నాలుగులో హైదరాబాదు బేగంబజారు వ్యాపారి ఒకాయన కుటుంబంతో యాత్రకు పోతూ ఆమెను వంటకు పెట్టుకున్నాడు. కేదారం, బదరీ రెండూ చూసి తన కాళ్ళ మీద తాను తిరిగివచ్చిన మనిషి ఊళ్ళో ఆమె ఒక్కతే. అంతకు ముందు బయలుదేరిన ఇద్దరిలో ఒకాయన హరిద్వారం దాటలేదు. రెండో ఆయన దాటాడు గాని, ఏమడిగినా చలి ఒక్కటే గుర్తుందనేవాడు.

అంజమ్మకు దారి మొత్తం పొయ్యితో గుర్తు. కొండదారిలో నాలుగైదు మైళ్ళకొకటి గడ్డి కప్పిన వసారాలుంటాయి. వాటిని చట్టీలంటారు. యాత్రికులు అక్కడే దిగి, అక్కడి దుకాణంలో పిండీ పప్పూ కొనుక్కుని వండుకుంటారు. ఏ చట్టీలో కట్టెలు తడిసి ఉంటాయో, ఎక్కడ కందిపప్పు ఎంతసేపు కాగినా ఉడకదో, ఎక్కడి నీళ్ళు కడుపులో నొప్పి తెస్తాయో ఆమె వరుసగా చెప్పగలదు. చదువుకున్నవాళ్ళు రాసుకునేవారు. పన్నెండేళ్ళలో ఆ దారి ఆమె నోట అంతగా నలిగింది. కూరగాయలు తరుగుతూనో పిండి కలుపుతూనో చెప్పేసేది.

నలభై ఆరో సంవత్సరం ఫాల్గుణ మాసంలో వకీలు రాంచందర్ స్వయంగా ఆమె ఇంటికి వచ్చాడు. పని ఉంటే మనిషిని పంపి పిలిపించుకునే ఆయన అట్లా రావడమే ఆమెకు ఆశ్చర్యం. సంచిలోంచి నోటుబుక్కూ కలమూ తీసి పీట మీద కూర్చున్నాడు. చైత్రంలో బయలుదేరి యాత్రకు పోవాలనుకుంటున్నామని చెప్పాడు. తాను, తన భార్య, వదిన ప్రమీలాదేవి, పనిమనిషి పోశయ్య, మొత్తం నలుగురు.

ప్రమీలాదేవి ఆయన అన్న భార్య. అన్న పోయి ఎనిమిదేళ్ళయింది, పిల్లలు లేరు. పోయే ముందు ఆయన చిన్నకోడూరులో ఉన్న తన వాటా తరి పొలం భార్య పేర రాసి పోయాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆ పొలం పంట ప్రతి ఏడూ వకీలు గారి ఇంటికే చేరుతుందనీ తెలుసు.

మూడు మధ్యాహ్నాలు రాంచందర్ వచ్చి కూర్చున్నాడు. ఆయన పద్ధతైన మనిషి. కాజీపేటలో ఢిల్లీ రైలు ఎక్కడం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క మజిలీ రాసుకున్నాడు. అంజమ్మ పోయినప్పుడు హృషీకేశం నుండే నడక. ఇప్పుడు దేవప్రయాగ దాటి కొంతదూరం మోటారు పోతున్నదని ఆయనే కనుక్కుని వచ్చాడు. కలరా సూది ఎక్కడ వేస్తారో, బూట్లు తోలువి మంచివా గుడ్డవి మంచివా, అన్నీ అడిగాడు. నడవలేని వాళ్ళను కూలివాడు వీపు మీద బుట్టలో కూర్చోబెట్టుకుని మోసుకుపోతాడని, ఆ బుట్టను కండీ అంటారని ఆమె చెప్పింది. ఇద్దరు ఆడవాళ్ళకు రెండు కండీలు అని రాసుకున్నాడు.

మూడో రోజు తిరుగు దారి చెప్పింది. వచ్చే దారి పోయిన దారి కాదు. బదరీ నుండి జోషీమఠం, చమోలీ, నందప్రయాగ, కర్ణప్రయాగ దిగి, అక్కడ దక్షిణానికి మళ్ళి ఆదిబదరీ, మేహల్‌చౌరీ మీదుగా రామ్‌నగర్ చేరితే రైలు దొరుకుతుంది. రాంచందర్ అంతా రాసుకుని చివర గీత గీశాడు.

"దిగేటప్పుడు ఒక్క కండీ చాలు" అన్నాడు.

చాటలో బియ్యం ఏరుతున్న అంజమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఇద్దరు ఆడోళ్ళు గదయ్యా. ప్రమీలమ్మ నడిచి దిగుతదా?"

ఆయన తల ఎత్తలేదు. "వదినె ఆడ్నే ఉంటది. జోషీమఠంల విధవలకు జాగ ఇచ్చే ఇండ్లు ఉన్నయంట గద. నువ్వు సూసినవా?"

చూశానంది. గుడికి ఏ పక్కన ఉందో అడిగితే చెప్పింది. ఎవరితో మాట్లాడాలో అడిగితే అదీ చెప్పింది. ఆయన నోటుబుక్కు మూసి, సంతోషమని చెప్పి వెళ్ళిపోయిన తర్వాత గాని తానేం చెప్పిందో ఆమెకు తెలియలేదు. పన్నెండేళ్ళ అలవాటు ఆ నోటితో దానంతట అదే మాట్లాడించింది. చాట ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. సాయంత్రం ఒక పెండ్లివారు అడ్వాన్సు ఇవ్వడానికి వస్తే, వాళ్ళు రెండుసార్లు పిలిచేదాకా వినబడలేదు.

విధవను కొండ మీద వదిలి రావడం ఆమె ఎరుగనిది కాదు. బేగంబజారు వ్యాపారితో పోయినప్పుడు వాళ్ళ వెంట ఆయన మేనత్త దుర్గవ్వ ఉండేది. పిల్లలు లేని విధవ. బదరీ దర్శనం అయి దిగుతూ జోషీమఠంలో ఆగినప్పుడు వ్యాపారి ఆమెను ఒక ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టి, మోకాలు వాచింది గదా, మేము ముందు పోయి నీకు కండీ పంపిస్తాం, అంతదాకా ఇక్కడ ఉండమన్నాడు. రెండు రోజులకు సరిపడా రొట్టెలు చేసి మూట కట్టి దుర్గవ్వ ఒళ్ళో పెట్టింది అంజమ్మే. కింది చట్టీ పీపల్‌కోటీ చేరాక, కండీ ఎవరితో పంపారని అడిగితే వ్యాపారి భార్య, ఆమెకు అక్కడే బాగుంటుందిలే, నువ్వు పొయ్యి వెలిగించు అంది. అంజమ్మ పొయ్యి వెలిగించింది. ఊరికి వచ్చి అందరికీ దారి చెప్పింది గాని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

మర్నాడు పొద్దున్నే యాత్రకు కారప్పొడులు చేసిస్తానని వంక పెట్టుకుని వకీలు గారింటికి పోయింది. వెనక వసారాలో హబీబున్నీసా బొంతలు కుడుతోంది. కొండ చలికి నాలుగు మందపాటి బొంతలు కావాలని రాంచందర్ ఆమెను పదిహేను రోజులకు కుదిరించాడు. హబీబున్నీసా భర్త పోయినప్పటి నుండి సూదితోనే బతుకుతోంది. అంజమ్మకు ఇరవై ఏళ్ళ స్నేహితురాలు. పక్కన కూర్చుని ప్రమీలాదేవి దూది ఏకుతోంది. ముప్పై ఆరేళ్ళ మనిషి. పదహారో ఏట ఆ ఇంటికి వచ్చింది. ఆ ఇంటి ఆడవాళ్ళు వాకిలి దాటే ఆచారం లేదు.

అంజమ్మ దగ్గరగా కూర్చుని మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. దుర్గవ్వ సంగతి కూడా చెప్పింది. మూట కట్టింది తన చేతులేనని చెప్పేటప్పుడు చేతులు చీర కింద దాచుకుంది. చివరికి ఒక్క కండీ మాట చెప్పింది. హబీబున్నీసా సూది గుడ్డలో గుచ్చి వదిలేసింది. ప్రమీలాదేవి ఏకడం మానలేదు.

"నాకు ఎరికే అంజమ్మక్కా" అంది.

ప్రమీలాదేవి ఏడుస్తుందనుకుంది అంజమ్మ, నమ్మదనుకుంది. ఈ మాట మాత్రం అనుకోలేదు.

"పొలం కాయిదం మీద దస్తకతు పెట్టుమన్నడు. యాత్రకు పోయొచ్చినంక పెడ్తనన్న. సరే అన్నడు. ఇరవై ఏండ్లల్ల నా మాటకు సరే అన్నది గదొక్కటే."

"మరి తెలిసి తెలిసి ఎందుకు పోవుడమ్మా?" అంది అంజమ్మ.

"ఈ ఇంటికొచ్చినంక కోమటిచెరువు కట్ట గూడ సూడలె నేను. ఇప్పుడు మా మర్ది హిమాలయాలు సూపిస్తనంటుండు. పోత, సూస్త. వచ్చే తొవ్వ నువ్వు చెప్పు."

ఆ పదిహేను రోజులూ ఆ వసారాలో జరిగింది రాంచందర్‌కు తెలియదు. ముందర గదిలో ఆయన పోయే దారి పటం గీసుకుంటుంటే, వెనక ముగ్గురు ఆడవాళ్ళు వచ్చే దారి సిద్ధం చేసుకున్నారు. ప్రమీలాదేవికి తెలుగు చదవడం వచ్చు గాని కాగితం దొరికితే ప్రమాదమని ఏదీ రాయలేదు. జోషీమఠం నుండి రామ్‌నగర్ దాకా చట్టీల పేర్లన్నీ నోటికి పట్టించుకుంది. ఎక్కడ నది కుడి చేతికి ఉండాలో, ఎక్కడ ఎడమకు రావాలో నేర్చుకుంది. ఘోషాలో పెరిగిన మనిషికి ఉర్దూ రాదు. హబీబున్నీసా దారం ఎక్కిస్తూ ఒక్కొక్క మాట నేర్పింది. రామ్‌నగర్ కా రాస్తా కిధర్ హై, రామ్‌నగర్ దారి ఎటు అని మొదటిది. అన్నిటికంటే ముఖ్యమైంది ఇది అంటూ ఇంకొకటి నేర్పింది. మై అకేలీ నహీఁ హూఁ, మేరే లోగ్ పీఛే ఆ రహే హైఁ. నేను ఒక్కదాన్ని కాదు, మావాళ్ళు వెనక వస్తున్నారు అని. ప్రమీలాదేవి ఆ వాక్యం తప్పు లేకుండా పలకడానికి మూడు రోజులు పట్టింది.

ఆమెకు వెండి మొలతాడు ఒకటుండేది. దాన్ని ముక్కలు చేసి ఆమె బొంత మూలలో దూది మధ్య పెట్టి హబీబున్నీసా కుట్టేసింది. ఆ బొంతకు చిలకపచ్చ అంచు వేసింది, గుర్తు తప్పకుండా ఉండాలని.

చైత్రం చివర వాళ్ళు బస్సెక్కారు. అంజమ్మ దూరంగా నిలబడి చూసింది. బస్సు కదిలాక కిటికీలో ప్రమీలాదేవి కొంగు తీసి ముఖం బయట పెట్టింది. ఎండ తగిలి కళ్ళు చికిలించుకుంది. సిద్దిపేట బజారును అంత సేపు ఆమె చూడడం అదే మొదలు.

ఆషాఢంలో ముగ్గురు తిరిగి వచ్చారు.

రాంచందర్ బస్సు దిగుతూనే చెప్పాడు. వదినెకు నారాయణుణ్ణి చూడగానే వైరాగ్యం కలిగిందట. కాళ్ళావేళ్ళా పడి బతిమాలినా ఇక సంసారంలోకి రానందట. ఊరు ఊరంతా నమ్మింది. అటువంటి పుణ్యాత్మురాలు మన మధ్య ఉన్నా గుర్తించలేకపోయామని ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కొందరు రాంచందర్ కాళ్ళకు మొక్కారు. ఆయన వద్దనలేదు. ప్రమీలాదేవి పేరుతో రెండు వందల మందికి అన్నం పెడతానని చాటించి, వంటకు అంజమ్మను పిలిపించాడు.

అనుకున్నదే జరిగింది గదా, ఎందుకింత వణుకు అని అంజమ్మ తనను తాను అడుక్కుంది. ప్రమీలాదేవికి దారి తెలుసు, వెండి ఉంది. రెండు మూడు వారాల వెనక బయలుదేరి ఉంటుంది. ఆ ధైర్యంతోనే వంటకు పోయింది. గుండిగలు ఎక్కించి, నీళ్ళకని వెనక పెరట్లోకి వచ్చేసరికి దండెం మీద యాత్ర బొంతలు ఆరేసి ఉన్నాయి. చివరి బొంతకు చిలకపచ్చ అంచు ఉంది.

అంజమ్మ దగ్గరికి పోయి మూల పట్టుకుని నలిపింది. వెండి ముక్కలు వేళ్ళకు తగిలాయి. ఒక్కటీ తగ్గలేదు. అక్కడే బావి గట్టు మీద కూర్చుంది. లోపల గుండిగ పొంగి పప్పు పొయ్యిలోకి పోతుంటే ఎవరో కేకేశారు. ఆమె కదల్లేదు.

కట్టెలు తెచ్చిన పోశయ్య ఆమెను చూసి, చుట్టూ చూసి, పక్కన కూర్చున్నాడు. అతడూ ఎవరికైనా చెప్పుకుందామని నెల రోజులుగా కొట్టుకులాడుతున్నాడు. దిగేటప్పుడు జోషీమఠం ముందు వాన పట్టుకుందట. వకీలు గారి భార్య బొంత తడిసి ముద్దయిందట. వదిన బొంత నువ్వు తీసుకో, ఆమె ఎట్లాగూ ఇంట్లో ఉంటుంది గదా అన్నాడట రాంచందర్. బొంత తీసుకునేటప్పుడు ప్రమీలాదేవి ఒక మూల గట్టిగా పట్టుకుని ఒక్క క్షణం వదల్లేదట. తర్వాత వదిలిందట. అప్పటికే ఆమెకు జ్వరం.

"మెట్ల మీద కూసోబెట్టిన్రు. కండీ పంపుతమన్నరు. అమ్మ నా దిక్కు జూసి, పో పోశయ్యా, నీ కొలువు పోగొట్టుకోకు అన్నది. నేను వచ్చిన" అని పోశయ్య మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు.

అంజమ్మ ఆ రోజు వంట ఎట్లా ముగించిందో ఆమెకే తెలియదు. తెల్లవారి హబీబున్నీసా ఇంటికి పోయింది. కోర్టుకు పోతే అక్కడ ఉన్నది రాంచందర్ స్నేహితులు. ఊరికి చెబితే దేవతైన ప్రమీలాదేవి పేరు చెడగొడుతున్నారంటారు. చివరికి హబీబున్నీసా లేచి బురఖా వేసుకుని వకీలు గారింటికి పోయింది. బొంతలు కొండ తిరిగి వచ్చాయి గదా, కుట్లు వదులై ఉంటాయి, ఊరికే బాగు చేసిస్తానని చెప్పి నాలుగూ మోసుకొచ్చింది. మూల విప్పి వెండి తీసి, మళ్ళీ కుట్టి ఇచ్చేసింది.

ఆ వెండి అమ్మి ఇద్దరూ బస్సులో సికిందరాబాదు పోయారు. నిజాం డాకుఖానా నుండి కాక, అక్కడి ఇంగ్లీషు వాళ్ళ డాకుఖానా నుండి అయితే జోషీమఠానికి మనియార్డరు నేరుగా పోతుందని ఒకరు చెప్పారు. అక్కడి చెట్టు కింద కూర్చుని ఉత్తరాలు రాసే మున్షీతో హబీబున్నీసా ఉర్దూలో ఉత్తరం రాయించింది. సిద్దిపేట ప్రమీలాదేవి, గుడి కింద విధవల ఇల్లు అని చిరునామా. మేము ఉన్నాము, ఎదురుచూస్తున్నాము, లేచి రా. అంతే రాయమంది. డబ్బు ముట్టినట్టు చీటీ తిరిగి వస్తుందని గుమస్తా చెప్పాడు.

చీటీ రాలేదు. శ్రావణం పోయింది, భాద్రపదం పోయింది. దసరా నాడు రాంచందర్ జమ్మి ఆకు ఇవ్వడానికి వస్తే అంజమ్మ తలుపు వేసుకుని లోపలే ఉంది. అప్పటికి ఆమె దారి చెప్పడం మానేసింది. దౌల్తాబాద్ నుండి ఒక ముసలి దంపతులు బండి కట్టుకుని వస్తే, నాకేమీ గుర్తు లేదని పంపించేసింది. రాత్రి పడుకుంటే చట్టీల పేర్లు వాటంతట అవే నోట్లో తిరిగేవి. తన చేతి రొట్టెల మూట ఒకరిని, తాను చెప్పిన దారి ఒకరిని మింగాయని హబీబున్నీసాతో ఒకసారి అంది. హబీబున్నీసా అట్లా అనొద్దనలేదు.

మార్గశిరంలో ఒక పట్టపగలు అంజమ్మ వాకిట్లో పసుపు కొమ్ములు దంచుతోంది. నల్లటి గొంగడి కప్పుకున్న ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. ముఖం మాడిపోయి చర్మం పొరలు లేచింది. కాళ్ళకు గుడ్డ పేలికలు చుట్టి ఉన్నాయి. అడుక్కునే మనిషనుకుని అంజమ్మ, చేతులు ఖాళీ లేవు, ముందటింటికి పొమ్మంది.

"అంజమ్మక్కా, నీ తొవ్వ తప్పు" అందామె.

రోకలి అంజమ్మ చేతిలోంచి జారి పాదం మీద పడింది. నొప్పి తెలియలేదు. ఆ గొంతు ఎవరిదో తెలిసీ, మనిషిని పోల్చుకోలేక, పసుపు చేతులతో గుమ్మం పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ప్రమీలాదేవే వచ్చి ఆమెను పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమెకే నీళ్ళు తాగించింది.

హబీబున్నీసాకు కబురు పోయింది. ముగ్గురూ తలుపు వేసుకున్నారు. అన్నం తిన్నాక ప్రమీలాదేవి ఒక్కొక్కటే చెప్పింది. జ్వరం తగ్గడానికి నెల పట్టింది. తర్వాత ఆ ఇంట్లోనే గిన్నెలు తోమి రొట్టె తినేది. అక్కడ ఉన్న పదకొండు మందిని కండీ వస్తుందని చెప్పే కూర్చోబెట్టారు. ఒక బెంగాలీ ముసలామె తొమ్మిదేళ్ళుగా పొద్దున్నే లేచి మూట సర్దుకుని మెట్ల మీద కూర్చుంటుంది. దుర్గవ్వ గురించి అడిగితే వాళ్ళకు గుర్తుంది. ఆరేళ్ళు బతికిందట. అందరికీ వంట చేసిపెట్టేదట.

దుర్గవ్వ మొదటి చలికే పోయి ఉంటుందని అంజమ్మ అనుకునేది ఇన్నాళ్ళూ. అట్లా అనుకోవడమే ఆమెకు సులువుగా ఉండేది. ఆరేళ్ళు అనేసరికి మళ్ళీ ఒకసారి ఆ మెట్లు, ఒళ్ళో రొట్టెల మూట కళ్ళముందు నిలిచాయి. ఆ ఆరేళ్ళూ ఇక్కడ తాను ఎంతమందికి దారి చెప్పిందో లెక్కే లేదు.

వానలకు దారి తెగి డాకు ఆలస్యమై, ఆశ్వయుజంలో పోస్టుమాస్టరు స్వయంగా వచ్చి ఉత్తరం చదివి వినిపించి డబ్బు ప్రమీలాదేవి చేతిలో పెట్టాడు. ముట్టినట్టు చీటీ దారిలోనే ఎక్కడో పోయింది. ఎవరూ లేని మనిషికి ఉత్తరం రావడం ఆ ఇంట్లో అందరికీ విడ్డూరమైందట. అప్పటికి మంచు మొదలవుతోంది. పై ఊళ్ళ భోటియా వాళ్ళు గొర్రెల మీద ఉన్ని మూటలు వేసుకుని పెళ్ళాం పిల్లలతో చలికాలానికి కిందికి దిగుతారు. వాళ్ళతో కలిసి నడిచింది. ఆ గొంగడి వాళ్ళిచ్చిందే. కర్ణప్రయాగ దాకా పేర్లు సరిపోయాయి. ఆ తర్వాత అంజమ్మ చెప్పిన చట్టీలు కొన్ని లేనే లేవు. మేహల్‌చౌరీ దాటాక వానలకు కొండ విరిగి రామ్‌నగర్ దారి కొట్టుకుపోయింది. నది ఎడమ చేతికి రావలసిన చోట కుడికే ఉండిపోయింది. రెండు రోజులు ఒక పశువుల కొట్టంలో కూర్చుని, ఇక చెప్పిన దారి లేదని తెలుసుకుని, ఎదురైనవాళ్ళను అడుగుతూ ద్వారాహాట్, రాణీఖేత్ మీదుగా కాఠ్‌గోదాం చేరి రైలెక్కింది. మావాళ్ళు వెనక వస్తున్నారని దారి పొడుగునా చెప్పానని, ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదని హబీబున్నీసాతో అంది.

వకీలు గారింటికి చీకటి పడ్డాక పోదామని అంజమ్మ అంటే ప్రమీలాదేవి ఒప్పుకోలేదు. ఎండ ఉండగానే, కొంగు కప్పుకోకుండా, బజారు మధ్య నుండి నడిచింది. వెనక అంజమ్మ, హబీబున్నీసా. దుకాణాల ముందు మాటలు ఆగిపోతూ వచ్చాయి. దేవత అయిపోయిన మనిషి కాళ్ళకు పేలికలతో నడిచిపోతుంటే మొక్కాలో పలకరించాలో ఎవరికీ తోచలేదు.

రాంచందర్ అరుగు మీద కక్షిదారులతో కూర్చుని ఉన్నాడు. తల ఎత్తి చూసి, కలం కాగితం మీద అట్లాగే పెట్టి ఉంచాడు. సిరా మరకయి పెద్దదవుతూ పోయింది.

"మర్దీ, కండీ పంపుతనంటివి. ఎదురుజూసి ఎదురుజూసి నడిచే వచ్చిన" అంది ప్రమీలాదేవి.

అరుగు మీద ఆరుగురు ఉన్నారు. రాంచందర్ కలం పక్కన పెట్టి లేచాడు. లోపలికి రమ్మన్నాడు. ఆమె లోపలికి రానంది. తన పెట్టె, పొలం కాగితం బయటికి తెప్పించమంది. ఒంటరిగా ఉండి ఉంటే ఆయన ఏం చేసేవాడో తెలియదు. అంతమంది ముందు, వాళ్ళందరికీ తాను చెప్పిన వైరాగ్యం కథ గాలిలో అట్లాగే వేలాడుతుంటే, ఏమీ చేయలేకపోయాడు. పెట్టె మోసుకొచ్చింది ఆయన భార్య. దాన్ని కింద పెట్టి, తల ఎత్తకుండా లోపలికి పోయింది. పోశయ్య మరొకరు చెప్పకుండానే ఆ పెట్టె తలకెత్తుకుని ప్రమీలాదేవి వెనక నడిచాడు. మళ్ళీ ఆ ఇంటికి పోలేదు.

ప్రమీలాదేవి చిన్నకోడూరులో పొలం పక్కన రెండు గదులు వేసుకుని వ్యవసాయం చేయించింది. రాంచందర్ ఆమె మీద దావా వేయలేదు. ఏడాది తిరగకముందే సిద్దిపేట వదిలి మెదక్‌కు మకాం మార్చాడు.

నలభై ఏడు వేసవిలో అంజమ్మ ఒక్కతే హైదరాబాదు పోయి బేగంబజారులో వ్యాపారి దుకాణం వెతుక్కుంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. గద్దె మీద కొడుకు ఉన్నాడు. యాత్రకు పోయినప్పుడు పదేళ్ళవాడు, కండీలో కూర్చుని వచ్చాడు. వచ్చినామె ఎవరో గుర్తుపట్టి కుశలం అడిగాడు. కొనేవాళ్ళూ గుమస్తాలూ వింటుండగా అంజమ్మ, మీ దుర్గవ్వ ఆరేళ్ళు బతికింది అని చెప్పింది. ఆయనకు చిన్నప్పుడు చెప్పింది వేరు. తిరుగు దారిలో జబ్బుతో పోయిందని, గంగలో కలిపామని చెప్పారట. ఏటేటా ఆ తిథికి తద్దినం పెడుతూ వచ్చాడు. ఆ తిథి నాటికి ఆమె అక్కడ కూర్చుని ఎదురుచూస్తూ ఉందని తెలిసి ఆయన గద్దె మీద నుండి లేచాడు. ఎటు పోవాలో తెలియనట్టు దుకాణం మధ్య నిలబడ్డాడు. అంజమ్మను తిట్టలేదు, కూర్చోమనలేదు. అంజమ్మ కాసేపు ఉండి బయటికి వచ్చి బస్సెక్కింది.

రజాకార్ల గొడవల్లో సిద్దిపేటలో పెండ్లిళ్ళు తగ్గిపోయి వంటలు లేనప్పుడు ప్రమీలాదేవి బండి పంపి ఆమెను చిన్నకోడూరు తీసుకుపోయింది. అక్కడే ఉండిపోయింది అంజమ్మ. నాట్లకు వచ్చిన కూలివాళ్ళకు సంకటి వండేది. యాత్ర దారి అడగడానికి ఎవరైనా వస్తే ప్రమీలాదేవి వైపు చూపించేది. ప్రమీలాదేవి పలకా బలపం తెప్పించి, వచ్చిన వాళ్ళలో ఆడవాళ్ళను ముందు పిలిచి కూర్చోబెట్టి, వచ్చే దారి వాళ్ళ చేతే రాయించేది.